గుచ్చుకునే బెల్టు

కదులుతోంది. మోకాలు పెట్టి అదిమి, ఒళ్ళు బరువంతా వేసి, పళ్ళు బిగబట్టి బెల్టు లాగితే అప్పటికి రాయిలా కూర్చుంటుంది, చెయ్యి తీసి ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ కదులుతుంది. ఇటు ఇంత, అటు ఇంత. ఊడబోయే పన్ను నాలికతో తోస్తే ఊగుతుందే, అట్లా. ఇందాక నర్సు వచ్చి ఒక్క చేత్తో, అదీ ఎడం చేత్తో, పట్టి ఊపింది. పసిపిల్లల సీటు వెళ్ళి బండి తలుపుకి కొట్టుకుంది. ఆవిడ నా మొహం చూడలేదు, బెల్టుకి నేనేసిన ముడి వంక చూసింది. "ఇది గడ్డిమోపు కాదమ్మా, బిడ్డ. అంగుళం కంటే ఎక్కువ కదిలిందంటే నేను పంపను. గంటలో తల్లినీ బిడ్డనీ కిందికి తీసుకొస్తా, ఆలోపు సరిచేసుకోండి" అనేసి చెప్పులు టపటపలాడించుకుంటూ ఆస్పత్రి లోపలికి పోయింది. గడ్డిమోపట. నాతో అంది ఆ మాట. నిలువెత్తు అద్దాలు, పలక మీద పలక పేర్చి, గుంతల రోడ్డు మీద ఒక్క పెచ్చు కూడా ఊడకుండా చేర్చే నాతో. అయినా ఆవిడ తప్పేముంది, కదిలిందిగా. కదలనిదే ఆవిడ ఊరికే అంటుందా. కోపం వస్తే నిజం అబద్ధమైపోదు, నాకెన్నాళ్ళకి తెలుస్తుందో ఆ సంగతి.

పికప్ బండి లోపల అద్దాలెక్కించినా దించినా ఒకటే ఉడుకు. ఎండకి రెక్సిన్ వాసన, డీజిల్ వాసన, అద్దాలకి పట్టించే లప్పం వాసన, మూడూ కలిసి నా ఒంటి వాసన. ఈ వాసనలోకి రాబోతోంది పిల్ల. పుట్టి వారం కాలేదు, లోకంలో దానికి తెలిసినవి రెండే వాసనలు, పాలూ డెట్టాలూ. తప్పు నా చేతిది కాదు, అది తెలుస్తూనే ఉంది. తప్పు ఈ బెల్టుది. కాదులే, బెల్టుది కూడా కాదు, ఎవరి కోసం చేశారో వాళ్ళకి అది సరిగ్గానే ఉంది. తలుపు పక్కన స్తంభంలో ఒక డబ్బా, డబ్బాలో చక్రం, చక్రానికి చుట్టుకున్న బెల్టు. మెల్లగా లాగితే ఎంతైనా వస్తుంది. గట్టిగా కుదిపితేనే టక్కున పట్టుకుంటుంది. పెద్ద మనిషికి అది చాలు, ముందుకి వంగి అద్దం తుడుచుకున్నా, కిటికీలోంచి ఉమ్మేసినా అడ్డం రాదు, గుద్దుకున్న క్షణాన మాత్రం పట్టుకుంటుంది. పిల్ల సీటుకి చాలదు. ప్రతి గుంతకీ కాస్త, ప్రతి మలుపుకీ ఇంకాస్త జారి, ఇంటికి చేరేసరికి అది బెల్టు కాదు, ఉయ్యాల తాడు. కొత్త కార్లలో సీటు సందున ఇనప కడ్డీలుంటాయట, ఠక్కున తగిలించడమే. లేకపోతే బెల్టుని చివరికంటా లాగి వదిలితే ఇక లోపలికే తప్ప బయటికి రాదట. ఇదీ అలా చేస్తుందేమోనని చివరికంటా లాగాను. వచ్చింది, పోయింది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చింది, ఎవరు చిటికేసినా వచ్చే వీధికుక్కలా. మా గోడౌను యజమానీ ఇంతే. మెల్లగా అడిగితే ఎంతైనా సాగుతాడు, రేపంటాడు, మాపంటాడు, మీరు నా పిల్లల్లాంటి వాళ్ళంటాడు. గట్టిగా ఒక్క కుదుపు కుదిపితే తప్ప ఎక్కడా ఆగడు.

బెల్టు జారుతోందని ముడేశాను. అంతే నేను చేసింది. లోడు కట్టేవాళ్ళెవరైనా అదే చేస్తారు, జారేదాన్ని చూస్తే మా చేతులు వాటంతట అవే మెలి తిప్పి ఉచ్చు వేసి లాగేస్తాయి, బుర్రని అడగవు. కానీ తాడుకి ముడేస్తే ముడే, పట్టీకి ముడేస్తే అది పట్టీ కాదు, మడతపడ్డ చోట మీదున్న పోగులే బరువు మోస్తాయి, కిందివి కూర్చుని చూస్తుంటాయి, గోడౌనులో లాగే. అక్కడే తెగుతుంది. పైగా ఇప్పుడీ ముడి ఊడి చావదు. గోరు విరిగింది. పంటితో లాగుతున్నాను. నోట్లో దుమ్ము. నాకు ముళ్ళు నేర్పింది మా గోడౌనులో మూడువేళ్ళ బాబాయి, మిగతా రెండు వేళ్ళూ ఒక అద్దం తీసుకుంది. "బిగించడం గాడిదకి కూడా వస్తుందే, విప్పడానికి వీలుగా బిగించడం మనిషికే వస్తుంది. ఒక్క లాగుతో ఊడి రాని ముడి ముడి కాదు, ఉరి" అనేవాడు. గుద్దుకున్నాక ఎవడో దారినపోయే వాడు తలుపు పీకి, పొగలో, ఈ ముడి దగ్గర గోళ్ళు విరగ్గొట్టుకుంటూ ఉంటే, లోపల పిల్ల. ఛ. ఛ. ఏం ఆలోచనలివి. ఊడు. ఊడవే ముండా.

"ఏంటక్కా, బండిలో ఎవరితోనైనా కుస్తీయా?" అంటున్నాడు పార్కింగు వాచ్‌మన్ కిటికీలోంచి తల పెట్టి.

"బెల్టుతో."

"ఎవరు గెలుస్తున్నారు?"

"బెల్టు."

నవ్వి పోయాడు. అతనికి నవ్వులాట. పిల్లికి చెలగాటం. అద్దానికి మాత్రం ఎన్ని పట్టీలు. అడుగున ఫెల్టు గుడ్డ, అంచున రబ్బరు, నడుముకి ఒక పట్టీ, భుజానికి ఒక పట్టీ, పలకకీ పలకకీ మధ్య మెత్తటి కాగితం. ఆ అద్దాల పక్కనే, బండి వెనక, పట్టుకోవడానికి కడ్డీ కూడా లేకుండా, నిలబడే మనిషికి ఏమీ లేదు. బాబాయి అట్లా నిలబడే పడ్డాడు. గేదె అడ్డం వచ్చిందని డ్రైవరు బ్రేకేస్తే అద్దాలు ఇంతైనా కదల్లేదు, బాబాయి మాత్రం అద్దాల మీదుగా ఎగిరి క్యాబిన్ వెనక గోడకి కొట్టుకున్నాడు. ఫోన్లో యజమాని మొదట అడిగింది, "సరుకు బాగానే ఉందా?" బాగానే ఉంది మహానుభావా. సరుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆ మర్నాడు బండి కదలకుండా దాని ముందు నేల మీద నేను కూర్చున్నాను, నా వెనక అందరూ కూర్చున్నారు, అద్దానికిచ్చిన పట్టీ మనిషికివ్వమని. యజమాని వైపు వాళ్ళందరిదీ ఒకటే మాట, మీకు చదువు లేదు, రూలు తెలీదు అని. ఎదురుగా కనిపించేదానికి చదువెందుకు. ఎగిరిపడేది ఏదైతే దాన్ని కట్టాలి. ఇంతే రూలు. చివరికి ఇచ్చాడు, వెనక ఒక బల్ల, బల్లకి బెల్టులు. ఇప్పుడు మావాళ్ళే పెట్టుకోరు. "పొట్ట మీద నొక్కుకుపోతోందక్కా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. యజమానితో కొట్లాడ్డం తేలిక, వాడు ఎదురుగా ఉంటాడు. నొక్కుకుపోతోందనే వాడితో ఎలా కొట్లాడాలి?

ఊడింది. అమ్మయ్య. ముడి ఊడిన చోట బెల్టు నలిగి తెల్లటి గీత పడింది. చూశావా, అంత మాత్రానికే.

ఫోను. చెల్లి. "అక్కా, పాలు తాగి పడుకుంది. కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయంటున్నారు, ఎల్లుండి మళ్ళీ తీసుకురమ్మన్నారు, రక్తం చూస్తారట. సీటు అయిందా?" అయిపోవచ్చింది అన్నాను. అబద్ధం నా నోట్లో ఎంత గుండ్రంగా తిరుగుతుందో. ఎల్లుండి మళ్ళీ. ఆ తరవాత మళ్ళీ. ఇవాళ ఎవరి కారో బతిమాలి ఎక్కించేస్తే తీరే పని కాదిది. మా కాలనీకి టాక్సీవాళ్ళు రారు, కంకర క్రషర్ లారీలు తిరిగి తిరిగి పాడుచేసిన ఆ రోడ్డు మొదట్లోనే ఆపి, దిగి నడవమంటారు. మరిది ఉద్యోగం సముద్రం మీద, ఓడ గట్టుకి వచ్చినప్పుడు సెలవు. ఉన్నది ఈ బండి. ఉన్నది నేను. చెల్లి పనిచేసే కుట్టు మిషన్ల షెడ్డులో ఆడవాళ్ళంతా కలిసి కొత్త సీటు కొనిచ్చారు, ఆకుపచ్చది, బొడ్డు దగ్గర మెత్తటి దిండు, వీపు కోసం ఇంకో దిండు. దాన్ని పెట్టుకోవడానికి బండి కూడా కొనివ్వలేరుగా పాపం. సీటు పుట్టిన ఏడాదికీ బండి పుట్టిన ఏడాదికీ మధ్య ఒక మనిషి పుట్టి, పెరిగి, పెళ్ళాడి, పిల్లని కనేసింది. ఆ మనిషే పైన పచ్చ కళ్ళ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఈ బెంచీ సీటులోనే పెరిగాం ఇద్దరం. బండి నాన్నది అప్పుడు. గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగు కాడకే ఉంటుంది, అందుకని మధ్యలో కాళ్ళు పెట్టుకోవడానికి చోటు. ముగ్గురం పట్టేవాళ్ళం. తలుపు పక్క సీటు పెద్దదాన్ని కనక నాది, కిటికీ నాది, గాలి నాది, బెల్టూ నాదే. మధ్యలో చెల్లి, కాళ్ళు ఆడిస్తూ. దానికి బెల్టు లేదు. దానికి నాన్న చెయ్యి. బ్రేకు మీద కాలు పడేలోపే నాన్న చెయ్యి వచ్చి దాని గుండెకి అడ్డం పడేది, రైలు గేటులా. "నా చెయ్యి ఉండగా మీకేం భయం" అనేవాడు, మేం నమ్మేవాళ్ళం, నాన్న కూడా నమ్మేవాడు, అది మరీ నష్టం. బరువెంతో, వేగమెంతో, చెయ్యెంతో ఎవరూ లెక్క కట్టలేదు. ఆ చెయ్యంటే నాకు కూడా కుళ్ళు ఉండేది, నాకు అడ్డం పడదు కదా అది. ఆ రోజు మూల తిరిగి గట్టెక్కుతున్నాం. ఎదురుగా తోపుడుబండి, సీసాల బండి, వాడూ తిరుగుతున్నాడు. నాన్న బ్రేకేశాడు. కానీ చెయ్యి గేరు మీద ఉంది. అంతే. ఒక చేత్తో రెండు పనులు కావు. గుద్దుకోను కూడా లేదు, బ్రేకు మాత్రమే, ఒక్క సీసా పగల్లేదు. చెల్లి మాత్రం లేచి వెళ్ళి డాష్‌బోర్డుకి గడ్డం ఆన్చింది. మెల్లగా ఆన్చినట్టే కనిపించింది నాకు. తరవాత నోరు తెరిచింది, నోరు నిండా ఎరుపు, ఏడుపు రాలేదు. ఎంతసేపటికీ ఏడుపు రాలేదు. నాన్న దాన్ని ఎత్తుకుని రోడ్డు మీద అటూ ఇటూ పరిగెడుతూ "ఏడువమ్మా, ఏడువు తల్లీ, ఒక్కసారి ఏడువు" అంటున్నాడు. సీసాలవాడు నీళ్ళు చల్లాడు. అప్పుడేడిచింది. ఆ ఏడుపు విని నాన్న రోడ్డు మీదే కూలబడ్డాడు. చెల్లి గడ్డం కింద ఇప్పటికీ చంద్రవంక ఉంది, కుట్లు వంకరగా పడ్డాయి. పెళ్ళిచూపులకి వచ్చిన ఓడవాడు దాన్నే చూసి ఇష్టపడ్డానన్నాడట, వాడి కళ్ళు కాలా, ఏం మాట్లాడాలో తెలిసినవాడు.

వద్దు. ఇప్పుడెందుకవి. టైమవుతోంది, బోనెట్టు మీద ఎండ పక్కకి జరిగింది. ఇంకోసారి. తువ్వాలు మడత పెట్టి సీటు కింద దూర్చు, పిల్ల తల ముందుకి వాలితే గొంతు మడతపడుతుందని నర్సే చెప్పింది, పడుకున్నట్టుగా ఉండాలి, మొహం బండి వెనక్కి ఉండాలి. గుద్దుకుంటే ఉబ్బే గాలి సంచీ లేని బండి కనక ముందు సీటే అయినా ఫరవాలేదంది, ఉన్న బండి అయితే పిల్ల మొహం మీదే పేలుతుందట, చూశావా, లేకపోవడం కూడా ఒక్కోసారి మేలు. తువ్వాలేది? జారింది. బెంచీకీ వీపు పలకకీ మధ్య సందులోకి. చెయ్యి పెట్టాను. మోచేతి దాకా పోయింది. అబ్బో, ఎన్నేళ్ళ లోకం ఇది. దువ్వెన ముక్క, అమ్మదే. పెన్సిలు. నాన్న పోయిందని ఇల్లంతా తిట్టిన టార్చిలైటు మూత. మెత్తగా ఏదో, ఎలక ఎప్పుడో కాపరం పెట్టినట్టుంది. తరవాత చల్లగా. ఎండకి బండంతా కాలిపోతుంటే ఇంత చల్లగా ఏముంది అక్కడ. ఇనుము. పలచగా, నాలుకలా. లాగాను. రాలేదు. పక్కకి తిప్పి లాగాను. వచ్చింది, వెనకాలే నల్లటి పట్టీ, మెల్లగా, పుట్టలోంచి వచ్చినట్టు, దుమ్ము రాలుస్తూ. అవతలి సందులో ఇంకోటి, దాన్ని పట్టుకునే బక్కిలు.

బెల్టు.

మధ్య సీటుకి బెల్టు. ఉంది. ఎప్పుడూ ఉంది. చెల్లి కాళ్ళాడిస్తూ కూర్చున్న ప్రతిరోజూ దాని నడుము కింద జానెడు లోతున ఉంది. నాన్న చెయ్యి రైలు గేటులా పడిన ప్రతిసారీ ఉంది. సీసాల బండి రోజున ఉంది. అది నోరు తెరిచి ఏడుపు రాకుండా ఉండిపోయినప్పుడు కూడా ఇక్కడే పడుకుని ఉంది, శుభ్రంగా, కొత్త పెళ్ళికూతురిలా, ఒక్కరైనా వాడని నిగనిగ. నేను బండి దిగిపోయాను. ఎందుకో తెలీదు. చుట్టూ ఒకసారి తిరిగాను. టైరుని తన్నాను. వాచ్‌మన్ చూసి అటు తిరిగాడు. మళ్ళీ ఎక్కాను.

ముందు చూడు, తరవాత ఏడవచ్చు. పాత బెల్టుని నమ్మడానికి లేదు, పాత తాడుని నమ్మి చేతులు కోసుకున్నవాళ్ళని చూశాను. రెండు వేళ్ళ మధ్య పెట్టి అంచు వెంట మొత్తం పట్టి చూశాను, పోగు లేచిందా, ఎలక కొరికిందా, మసిబారిందా. లేదు. ఎండ తగలనిది కదా, తలుపు పక్క బెల్టు పండుటాకులా వెలిసింది కానీ ఇది నల్లగా మెరుస్తోంది. కింద దూరి టార్చి వేసి మొదలు చూశాను, నేలకి బిగించిన బోల్టు, వేలితో తోసి, పానాతో తిప్పి చూశాను, పైపైన తుప్పే, కదల్లేదు. బక్కిలులో నాలుక పెడితే కరుచుకుంది, నొక్కితే వదిలింది. అయిదారుసార్లు కరిపించాను. దీనికి డబ్బా లేదు, చక్రం లేదు. చివర పట్టుకుని లాగితే బిగుస్తుంది, నాలుకని అడ్డంగా నిలబెడితే జారుతుంది, పడుకోబెడితే ఉడుం పట్టు. ఇది నాకు తెలుసు! ఇది లోడు పట్టీ! అద్దాలకి మేం వాడేదే, పేరు మార్చి సీట్లో పెట్టారు. కుదిపితేనే పట్టుకునే రకం కాదు, పట్టుకున్నాక వదలని రకం. సీటుని మధ్యలోకి జరిపి, దాని వీపు కింద బెల్టు కోసం ఉన్న దారిలోంచి బెల్టు పోనిచ్చి, మోకాలేసి లాగాను. రాయి. చెయ్యి తీశాను. రాయి. ఊపాను. మళ్ళీ ఊపాను. మూడోసారికి ఊరించి, ఇంత జారింది. ఏమే, నీ దుంపతెగ! వంగి చూస్తే సీటు ప్లాస్టిక్ అంచు నాలుక కింద దూరి దాన్ని లేపి నిలబెడుతోంది, నిలబడితే జారుతుందిగా మరి. విప్పాను. నాలుకని బోర్లా తిప్పి, తలకిందులుగా బక్కిలులో పెట్టాను. ఇప్పుడు అంచు నొక్కినకొద్దీ అది ఇంకా పడుకుంటుంది. లాగాను. ఊపాను. తిట్టుకుంటూ ఊపాను. బండి ఊగింది. బండి మొత్తం ఊగింది, సీటుతో పాటు. ఇదీ కట్టడమంటే. వాచ్‌మన్ని పిలిచి చూపించాలనిపించింది.

దానికి బదులు నాన్నకి ఫోను చేశాను. ఇంటి దగ్గర ఊయలకి కొత్త తాడు వేస్తున్నాడట, చేతిలో పని ఉందన్నాడు.

"నాన్నా, బండిలో మధ్య సీటుకి బెల్టుంది."

"అవును, ఉండేది."

"ఉండేదా? నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటే, బండి నాది. మొదట్లో, నీకు గుర్తుండదు, చిన్నదానికి అదే పెట్టేవాణ్ణి. ఎక్కగానే ఏడుపు లంకించుకునేది, గుచ్చుకుంటోంది నాన్నా, గుచ్చుకుంటోంది అని. ఇల్లు చేరేదాకా అదే ఏడుపు. వినలేక ఒకరోజు సందులోకి తోసేశా. నా చెయ్యి ఉంది కదా అనుకున్నా." ఊయల తాడు కిర్రుమంది. "ఎందుకడుగుతున్నావు పెద్దమ్మాయ్?"

ఏం లేదన్నాను. దుమ్ము పట్టి ఉందన్నాను. పెట్టేశాను. తిట్టాలని చేశాను, నోటి నిండా మాటలున్నాయి, ఎవరి మీద వెయ్యను. యజమాని అయితే వేద్దును. సరుకు బాగుందా అని అడిగినవాడు కాదు నాన్న, రోడ్డు మీద కూలబడ్డవాడు. పిల్ల ఏడుపు వినలేనివాడు. ఇంత ప్రేమ లేకపోయి ఉంటే చెల్లి గడ్డం బాగుండేది. ఈ ముక్క ఎవరికి చెప్పుకోవాలి, ఏ బండి ముందు కూర్చుని చెప్పాలి. గుచ్చుకుంటోందని బిడ్డ ఏడిస్తే వదులు చేసేవాళ్ళే లోకం నిండా. పొట్ట మీద నొక్కుకుపోతోందక్కా. నొక్కుకుపోనీ, బతుకుతావు. గుచ్చుకోవడం వేరు, పట్టుకోవడం వేరు, అప్పుడే పుట్టినవాడికి రెండూ ఒకటేలా ఉంటాయి, పెద్దవాళ్ళకైనా తెలియద్దూ.

వస్తున్నారు. చక్రాల కుర్చీలో చెల్లి, ఒళ్ళో మూట, వెనకాల నర్సు. చెల్లి మొహం ఉబ్బి, కొత్త మొహం. నర్సు క్యాబిన్లోకి వంగి ఎడం చెయ్యి సీటు మీద వేసింది. ఊపింది. కుడి చెయ్యి కూడా వేసింది. ఊపింది. వంగి బెల్టు దారి చూసింది, తిరగేసిన నాలుక చూసింది, నా విరిగిన గోరు చూసింది. "సరే" అంది. అంతే. నాకు ఆ సరే చాలు, యజమాని దండ వేసినా అంత ఉండదు. పిల్లని పడుకోబెట్టి, భుజాల మీదుగా పట్టీలు వేసి, గుండె దగ్గర తగిలించి, చివర లాగి బిగించింది. "చూడండి, భుజం దగ్గర పట్టీని ఇలా రెండు వేళ్ళతో గిల్లితే మడత చిక్కకూడదు. చిక్కిందంటే వదులుగా ఉన్నట్టు. మందపాటి గుడ్డలు చుట్టకండి, కావాలంటే పైన దుప్పటి కప్పండి." చెప్పి, పిల్ల బుగ్గ మీద ఒక వేలు ఆన్చి, వెళ్ళిపోయింది. చెల్లిని తలుపు పక్క, నా పాత సీట్లో, కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. కిటికీ దానిది. గాలి దానిది. పిల్ల లేచింది.

ముందు మొహం ఎర్రబడింది, తరవాత ముడుచుకుంది, తరవాత, ఇంత పిల్లలో అంత గొంతు ఎక్కడ దాచిందో, అందుకుంది. బండి రేకులు అదిరాయి. చెల్లి వాలింది, "అయ్యో, అమ్మా, అయ్యో, నా బంగారమే", నేను బండి తిప్పుతున్నాను, గేటు దాటుతున్నాను, ఏడుపు పెరుగుతోంది.

"అక్కా, కాస్త ఆపు. ఆ పట్టీ కొంచెం వదులు చేస్తా. గుచ్చుకుంటోందేమో."

ఆ మాటే. అక్షరం పొల్లుపోకుండా ఆ మాటే. బండి పక్కకి తీసి ఆపాను. వదులు చెయ్యడానికి కాదు. వంగి, పిల్ల ఒంటికీ పట్టీకీ మధ్య వేలు పెట్టి, భుజాలు, నడుము, తొడల మధ్య, అంతా చూశాను, చర్మం మెలిపడిందా, ప్లాస్టిక్ ఆనుతోందా, గుడ్డ ముడత నొక్కుతోందా. ఏమీ లేదు. మెత్తటి దిండు, మెత్తటి పట్టీ. గుచ్చుకునేదేమీ లేదు. పట్టుకున్నందుకు ఏడుస్తోంది, అంతే. ఇన్నాళ్ళూ నీళ్ళలో తేలింది, పుట్టాక చేతుల్లో తేలింది, మొదటిసారి ఏదో దాన్ని పట్టుకుంది.

"ఏమీ గుచ్చుకోవట్లేదు. ఏడవనీ."

"ఏడవనీ ఏంటక్కా! పాలు కక్కుతుంది. కొంచెం, ఒక్క వేలంత."

"ఒక్క వేలు కూడా లేదు."

"నువ్వు కన్నావా, నేను కన్నానా?"

"నువ్వే కన్నావు. అందుకే వదులు చేస్తానంటున్నావు."

దాని కళ్ళు నిండాయి. నాకు తెలుసు, బాలింతతో మాట్లాడే పద్ధతి కాదు, నాకు పద్ధతులు రావు, నోరు రంపం. బండి కదిలించాను. ఏడుపు. చెల్లి అటు తిరిగి కూర్చుంది, కాసేపటికి ఇటు తిరిగింది, దాని చెయ్యి దుప్పటి కిందికి పాకడం కంటి కొసన కనిపిస్తూనే ఉంది. పట్టీని వదులు చేసే మీట అక్కడే ఉంటుంది, కాళ్ళ మధ్య. ఎలా ఆపను. అరిస్తే ఆగదు, అది నా చెల్లెలు, నా కంటే మొండి. రోడ్డు గుంతల్లోకి దిగింది.

"ఆ బెల్టు నీదే" అన్నాను.

"ఏ బెల్టు?"

"సీటుని పట్టుకున్నది. మధ్య సీటుది. సందులో దొరికింది. చిన్నప్పుడు నీకు పెట్టేవాడట నాన్న. గుచ్చుకుంటోందని ఏడిచేదానివట. నువ్వేడుస్తుంటే చూడలేక లోపలికి తోసేశాడట."

 పిల్ల ఏడుపులో చెల్లికి వినపడిందో లేదో తెలీలేదు నాకు. ఎదురుగా క్రషర్ లారీ, దాన్ని తప్పించుకుని, గేరు తగ్గించి, మూల తిరుగుతున్నాను, కర్ర మీద చెయ్యి, సరిగ్గా అప్పుడు గోడ చాటు నుంచి సైకిలు, సైకిలు మీద నీళ్ళ డబ్బాలు, మనిషి వెనక్కి చూసుకుంటూ తొక్కుతున్నాడు. బ్రేకు. కాలు వేసిందో నేను వేశానో. బండి ముందుకి వంగి మోకాళ్ళ మీద పడ్డట్టయింది. గేరు వదిలేసి నా చెయ్యి దానంతట అదే లేచి పక్కకి ఎగిరింది, రైలు గేటులా, నేను చెప్పలేదు దానికి. అటు నుంచి చెల్లి చెయ్యీ ఎగిరింది. ఆకుపచ్చ సీటు మీద, గాల్లో, రెండూ ఫట్టున కొట్టుకున్నాయి. కింద సీటు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంజను ఆగిపోయింది. సైకిలువాడు ఒకసారి చూసి, చెయ్యెత్తి, తొక్కుకుంటూ పోయాడు.

ఏడుపు లేదు.

ఏడుపు లేదు. పిల్ల మొహం వెనక్కి, నాకు కనపడదు, సీటు ఆకుపచ్చ పక్కగోడ మాత్రం కనపడుతుంది. చెల్లి నోరు తెరిచి ఉంది. దాని గడ్డం కింద చంద్రవంక ఎర్రగా ఉంది. రోడ్డు మీద ఎవరో పరిగెడుతున్నారు, అటూ ఇటూ, ఎత్తుకుని, ఏడువమ్మా, ఏడువు తల్లీ, లేదు, ఎవరూ లేరు, దుమ్మే. నా చెయ్యి చెల్లి చేతిని పట్టుకుని ఉంది, ఎముకలు నొప్పి పెట్టేంత. ఏడువు. ఒక్కసారి. నీకు దణ్ణం పెడతా.

పిల్ల ఊపిరి పీల్చింది, చిన్న చప్పుడు, కాగితం చిరిగినట్టు, తరవాత మళ్ళీ అందుకుంది. మొదటి దాని కంటే పెద్దగా, కోపంగా, మా ఇంట్లో పుట్టినట్టే.

"చెయ్యి వదులక్కా, నొప్పిగా ఉంది" అంది చెల్లి. వదిలాను. అది ఆ చేత్తోనే మొహం తుడుచుకుని, దుప్పటి ఎత్తి, పిల్ల భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూసింది. మడత చిక్కలేదు. ఇంకో భుజం కూడా చూసింది. "ఏడువమ్మా" అంది మెల్లగా, "ఇంటిదాకా ఏడువు."

నేను బండి స్టార్ట్ చేశాను.